వంకర కాలి కుర్చీ

"ఇదీ మా అన్నయ్య కొట్టు బోర్డులాగే ఉందమ్మా," అంటూ కుర్చీల వ్యాపారి కాగితం పక్కకు నెట్టేశాడు.

లోగోలు గీసే ఆవిడకు ఒళ్లు మండింది. వారం నుంచీ ఇదే వరస.

"వేరుపడ్డారు, మాటలు మానేశారు. ఇంకా ఆయన బోర్డు గొడవెందుకండీ మీకు?"

"అందుకేనమ్మా! నా కొత్త కొట్టు మీద ఆయన ఛాయ కూడా పడకూడదు."

ఇలాంటి మొండివాళ్లకు ఆవిడ దగ్గర ఒక మందుంది. పెన్సిల్ ఆయన చేతికిచ్చింది. "కళ్లు మూసుకుని మీరే ఒక కుర్చీ గీయండి. చేతికి ఏదొస్తే అది. మిగతాది నేను చూసుకుంటాను."

ఆయన గీశాడు. ముందు వీపు, తర్వాత చేతులు, చివర్న కాళ్లు. కళ్లు తెరిచాడు.

ఇలా ఉండకూడదని చూపించడానికి ఆయనే తెచ్చి బల్ల మీద పెట్టిన ఫోటోలో, అన్నయ్య బోర్డు మీద అచ్చం అదే కుర్చీ. వంకర కాలితో సహా.

ఆవిడకు రాబోయిన నవ్వు ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"పోనీ, ఇంకోలా గీయండి," అంది మెల్లగా.

ఆయన పెన్సిల్ కింద పెట్టేశాడు.

"చిన్నప్పుడు అన్నయ్యే నా చెయ్యి పట్టుకుని దిద్దించాడమ్మా. నాకు ఇంకో కుర్చీ రాదు."