మల్లవ్వ ఎక్కిన కొండ

మధ్యాహ్నం తిరిగిపోతోంది. మల్లవ్వ ఇంకా అన్నం ముట్టలేదు.

ఆమె ముట్టందే ఆ ఇంట్లో ఎవరూ ముట్టడానికి లేదు. డాబా మీద పిట్టగోడ పక్కన విస్తరి వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. కోడికూర, గారెలు, పచ్చిపులుసు. ఎండకు గారెలు బిగుసుకుపోతున్నాయి. ఆ రోజు బంద్. నాచారం రోడ్డు మీద ఒక్క హారన్ కూడా లేదు. ఒకరి కడుపులో చప్పుడు ఇంకొకరికి వినపడుతోంది.

"అమ్మా, నాయినకు బీపీ గోలీలు యాల్లకు నేనే ఇస్త. ఫికర్ జెయ్యకు. జర తినే," అంది కూతురు గౌతమి.

ఫలితం లేదు.

చెంగిచెర్ల నుంచి వచ్చిన తమ్ముడు తిరుపతి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "అక్కా, గిట్ల అలిగి పోవద్దు. అమ్మతోడు, రేపటి సంది కల్లు ముట్ట."

ఆ ఒట్టు మల్లవ్వ చాలాసార్లు విన్నదే. కదలలేదు.

"రేపటి సంది ఏందిరా, ఇయ్యాల్టి సంది అనరాదు?" అని గొణిగాడు మల్లవ్వ భర్త హన్మయ్య. "అందుకే నమ్ముతలేదు."

ఎవరూ నవ్వలేదు.

మల్లవ్వ మనసు ఎక్కడ చిక్కుకుందో అందరికీ తెలుసు. నేపాల్‌లో.

ఉప్పల్ నుంచి యాత్రల బస్సు పోతుందని విన్న రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస. ముక్తినాథ్ కొండ ఎక్కాలి. మంచు తొక్కాలి. ఆ కొండల్లో పల్లెలు ఎట్లా ఉంటాయో చూడాలి. మందుగోలీల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసినన్నాళ్లూ ఎదురుగోడ తప్ప ఏమీ చూడని మనిషి. కనపడిన వాళ్లందరికీ "నేను ఫారిన్ పోతున్న" అని చెప్పుకుంది. నడక అలవాటు కావాలని చీర కింద కొత్త కాన్వాస్ బూట్లు తొడిగి, పొద్దున్నే పెద్ద చెరువు గట్టు మీద తిరిగేది.

"మిలటరీ వాళ్లంతా సైనిక్‌పురిలో ఉంటే, మీరిక్కడ కవాతు చేస్తున్నారేంటి పిన్నిగారూ?" అనేది కింది వాటాలో అద్దెకుండే కమలకుమారి.

"నవ్వు, నవ్వు. వచ్చేటప్పుడు నీకు డబ్బల మంచు దెస్త," అనేది మల్లవ్వ.

ఒకనాడు నడక సగంలో గట్టు మీద కూర్చుండిపోయింది. ప్రయాణం అక్కడే ఆగింది. మొన్న బస్సు వెళ్లిపోయింది, రెండు సీట్లు ఖాళీగా.

హన్మయ్య కిందికి వెళ్లి ఆ బూట్లు తెచ్చాడు. చెరువు బురద ఎండిపోయి ఇంకా అంటుకునే ఉంది. విస్తరి పక్కన వాటిని పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

హన్మయ్య నోట్లో పడితే గోరంత కొండంత అవుతుందని వాడకట్టంతా అంటుంది. కొండే పడితే ఎంతవుతుందో ఇంతదాకా ఎవరూ చూడలేదు. ఆయన నేపాల్ ఎరగడు. ట్రావెల్స్ ఆఫీసు గోడ మీద క్యాలెండర్ బొమ్మ చూశాడు, అంతే.

"సరే, నడువ్, పోదాం," అన్నాడు. "బూట్లు తొడుక్కో. నువ్వు ముంగట, నేనెన్క."

"నాయినా..." అంది గౌతమి.

"నువ్వూకో. నేను మీ అమ్మతోని మాట్లాడుతున్న." మళ్లీ అందుకున్నాడు. "సలి సూసినవా మల్లీ. బీడీ ముట్టిస్తే పొగ గడ్డకట్టింది. రేపటికి ఉంటదని ఇరిసి జేబుల ఏసుకున్న. ఇగ గా కొండ, గోడ లెక్క నిలవడ్డది. మేకలు గూడ తాడు పట్టుకొని ఎక్కుతున్నయి. మబ్బులు మన కాళ్ల కింద ఉన్నయి. అగో, కింద చెంగిచెర్ల మీద వాన కొడుతున్నది. మీ తమ్ముడు తడుస్తుండు సూడు."

ఇలాంటివి చెప్పినప్పుడల్లా మల్లవ్వ "నీ నోట్లె మన్ను వడ" అనేది. హన్మయ్య ఆగి, ఆ మాట కోసం చూశాడు. రాలేదు. పెదాలు తడుపుకున్నాడు.

"ఊరొచ్చింది. అన్నీ రాళ్ల ఇండ్లే. మిద్దెల మీద మక్కకంకులు ఎండవోసిన్రు. ఒకామె గంపకు పట్టీ కట్టి, నొసటికి తగిలిచ్చుకొని మోస్తున్నది. నిన్ను సూడంగనే దోస్తయింది. నీకు ఆమె మాట రాదు, ఆమెకు నీ మాట రాదు. అయినా ఇద్దరు మస్తు సేపు మాట్లాడిన్రు. ఏం మాట్లాడిన్రో నాకు చెప్పవైతివి."

తిరుపతి మొహం అవతలికి తిప్పుకున్నాడు.

"పొద్దుగూకుతున్నది. కాళ్లు గుంజుతున్నయి. గామె మనల గడప మీద కూసోవెట్టింది. రొట్టె కాల్చింది. ఆలుగడ్డ కూర ఏసింది. పొగలొస్తున్నయి."

హన్మయ్య గొంతు ఇప్పుడు కథలు చెప్పే గొంతు కాదు.

"నువ్వు ఇంక మీదికి పోయేదున్నది. నా మోకాళ్లు రావు. నేనీడ్నె కూసుంట. ఉత్త కడుపుతోని పోకు. పెండ్లయిన కాడికెల్లి నేనే ముందు తిన్న, నువ్వు మిగిలింది తిన్నవ్. ఇయ్యాల నువ్వు ముందు తిను మల్లీ. నేను సూస్త."



ఎదురుగా ఉన్న సెల్ టవర్ మీంచి కాకి ఒకటి దిగివచ్చి, బురద బూటు మీద ఒక్క క్షణం వాలి, మల్లవ్వ దశదినకర్మ విస్తట్లో తొలి ముద్ద ముట్టింది.