నాలుగు రోడ్ల మంట

హేమలత తన హోటల్లోంచి బకెట్టుతో నీళ్లు తెచ్చి రోడ్డు పక్క మంట మీద పోసింది.

చుయ్యిమని పొగ లేచింది.

"ఏటమ్మా ఇది?" అంది ముసలామె.

"టైల్స్ ఎలా నల్లబడ్డాయో సూడు. కొట్లవాళ్లం ఏడాదిపాటు సందాలేసుకుని నిన్ననే ఏయించాం. సలి కాసుకోవాలంటే ఇంటికాడ కాసుకో."

"సలి నాకు కాదమ్మా. మంట దారికి."

"దారికీ సలేత్తాదేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలామె ఆరిన పుల్లలు ఏరుకుని, కొండదారి పట్టింది.

పాడేరు వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన ఆ నాలుగు రోడ్ల సెంటరు. ఒకవైపు లోయ. పాతికేళ్ల కిందట హేమలత కొత్త కోడలిగా జీపులో వచ్చినప్పుడు అక్కడ ఒక్క కొట్టూ లేదు. సంతరోజున కొండవాళ్లు చింతపండు పోసి ఉప్పు కొలిపించుకునేవారు, అంతే. ఆ తెల్లవారుజామున మంచులో ఆమెకు మొదట కనిపించింది ఓ ఎర్రటి మంట. "మనూరొచ్చేసింది, లెగమ్మా" అని అత్తగారు తట్టి లేపింది.

తర్వాత ప్రతి చలికాలం ఆ మంట ఉండేది. కొండ దిగినవాళ్లు తలో పుల్ల వేసి, చేతులు కాచుకుని, కబుర్లాడుకుని పోయేవారు. ముసలామె మాత్రం ఎడంగా కూర్చుని రోడ్డుకేసి చూసేది.

ఆమె పేరేమిటో ఎవరూ అడగలేదు.

మర్నాడు మంట లేదు. టైల్స్ అద్దంలా మెరిశాయి. హేమలత తృప్తిగా ఇడ్లీరేకులు పొయ్యి మీదికెక్కించింది.

నాలుగోరోజు సంత. చీకటితో వచ్చిన జీపు సెంటరు దాటిపోయి కీచుమంటూ ఆగింది. డ్రైవరు ఫల్గుణ హోటల్లోకొచ్చాడు. 

"మంటేదప్పా? మలుపు తెలీనేదు. ముందు సక్రం లోయ అంచునాగింది. బండిలో పద్నాలుగు మంది."

"టైల్స్‌తోపాటు కొత్త లైటూ ఏయించాం కదా?"

"తెల్లలైటు మంచులో కలిసిపోద్ది. ఎర్రమంటైతే దూరానికీ కనపడద్ది. మా అయ్య కాలం నుంచీ దాన్ని సూసే ఇక్కడ బండి తిప్పుతాం."

హేమలత గరిటె కింద పెట్టింది.

"ఆ ముసలామెది ఏ ఊరు? నేనే ఎల్లి తీసుకొత్తాను."

జీపు దిగి వచ్చిన భీముడు తల అడ్డంగా ఊపాడు.

"రత్నాలప్పా? మాదీ ఆ ఊరే. మొన్న జొరమొచ్చి పోనాది."

హేమలత పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగింది. తీసుకెళ్లి టైల్స్ మధ్యన పెట్టింది. ఫల్గుణ ఓ పుల్ల వేశాడు. భీముడు ఇంకోటి.

"ఇన్నేళ్లూ ఈ పని ఆమెకెవలు సెప్పారు?" అంది హేమలత.

"ఎవలూ సెప్పనేదు. ఎనకటికి ఇలాటి మంచులోనే ఓ సంతజీపు ఈ లోయలో పడిపోనాది," అన్నాడు భీముడు మంటకేసి చూస్తూ. "ఆ జీపు తోలినోడి పెళ్లాం రత్నాలప్ప."