మంచుకు చెవులు లేవు

“గుర్రాలు ఆపండి. ఇవాళ ఈ దారి లేదు,” అంది కొండదారి చౌకీలో మంచు కాపలా కాసే బురుల్.

తుర్గున్‌బాయ్ కళ్ళెం లాగాడు. అతని వెనక పది గుర్రాలు ఆగాయి. ఎదురుగా తెల్లగా, నున్నగా నిటారు మంచు వాలు. దాని కిందుగా గంట పోతే అవతలి ఊరు. ఆ ఊళ్ళో అతని అన్న ఎసెన్ శవం ఉంది. మధ్యాహ్నం నమాజు కాగానే పాతిపెడతారు.

“మా అన్న పోయాడమ్మాయ్. గోతిలోకి దించాల్సినవాణ్ణి నేను.”

“తెలుసు పెద్దయ్యా. నిన్న మీకు కబురు తెచ్చినవాడు నా చౌకీలోనే టీ తాగాడు. రాత్రి గాలి తిరిగింది. నిన్నటి మంచు కాదిది.”

“చప్పుడు చెయ్యంలే తల్లీ,” అన్నాడు బావమరిది కిదిర్. “గుర్రాల గంటల్లో ఉన్నిగుడ్డ కుక్కాం. వాలు దాటేదాకా ఏడుపు కూడా ఎత్తం. అందరం ఒకరినొకరు అంటుకుని పిల్లుల్లా పోతాం.”

“మంచుకు చెవులు లేవు. అది బరువే చూస్తుంది. మీ తాతలూ ఇలాగే నోళ్ళు మూసుకుని గుంపుగా పోయారు. మంచు కరిగాక దొరికారు, గుంపుగానే.”



దారి పక్కన, ఆ వాలు దిక్కుకే తిరిగిన చిన్న గట్టులో ఆమె నడుంలోతు గొయ్యి తవ్వి ఉంచింది. మళ్ళీ అందులోకి దిగింది. చేతి తొడుగు తీసేసి, గొయ్యి గోడను వేళ్ళతో పైనుంచి కిందికి తడిమింది. ఒకచోట వేళ్ళు ఆగాయి. అక్కణ్ణుంచి గుప్పెడు తీసి చూపించింది. చక్కెర పలుకుల్లా పొడిపొడిగా రాలింది.

“దీని మీద మూరెడు గట్టి మంచు కూర్చుంది. చూడండి.”

రంపంతో మంచును స్తంభంలా కోసింది. పైన పార పెట్టి కొట్టసాగింది. మణికట్టు మాత్రమే ఆడిస్తూ పది దెబ్బలు. ఏమీ కాలేదు. మోచేతి నుంచి ఊపి మూడు. పైముక్క ఒక్కసారిగా, కోసినట్టు విడిపోయి ఆమె కాళ్ళ మీద పడింది.

తుర్గున్‌బాయ్ అరవయ్యేళ్ళుగా మంచులో బతుకుతున్నాడు. ఎవరూ దాన్ని ఇలా విప్పి చూపించలేదు. మెచ్చుకోబుద్ధయింది. ఆ బుద్ధి మీద కోపం వచ్చింది.

“పన్నెండు దెబ్బలు ఓర్చింది కదా.”

“మోచేతి దెబ్బకు పడింది పెద్దయ్యా. గుర్రం బరువెంత?”

“అయితే గుర్రం వద్దు. నేనొక్కణ్ణే నడిచి పోతాను.”

బురుల్ వాలు వంక చాలాసేపు చూసింది.

“ఒక్క మనిషిని మోస్తుందో లేదో చెప్పలేను. చెప్పలేనిదాని మీదికి నేను ఎవర్నీ పంపను.”

“ఫోను చేసి కాసేపు ఆగమంటే?” అన్నాడు కిదిర్.

“ఆ ఊళ్ళో ఫోను ఎప్పుడు పలికింది కనక?” అన్నాడు తుర్గున్‌బాయ్. ఆమె వైపు తిరిగాడు. “నీ వాళ్ళెవరైనా అక్కడ పడి ఉంటే తెలిసేది.”

ఆమె ఎర్రజెండా కర్రను దారి మధ్య గుచ్చింది. “శిఖరం దారి ఉంది. ఐదు గంటలు పడుతుంది. కాదంటే, మీరే పెద్దవారు, వీళ్ళలో ముందు ఎవర్ని నడిపిస్తారో చెప్పండి.”

తుర్గున్‌బాయ్ వెనక్కి చూశాడు. ఇద్దరు కొడుకులు, ముగ్గురు అల్లుళ్ళు, తక్కినవాళ్ళు. గుర్రాన్ని శిఖరం వైపు తిప్పాడు.

దారంతా చెవులు రిక్కించి విన్నాడు. మంచు జారిన మోత ఎక్కడా వినబడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది. అయినా మోత లేదు.

“ఆ దారినే పోయి ఉంటే క్షేమంగా దాటేవాళ్ళం,” అన్నాడు కిదిర్.

“ఒక్క ఆడదాని మాటకు అన్న ముఖం చూసే రాత లేకుండా పోయింది నాకు,” అన్నాడు తుర్గున్‌బాయ్.

ఊరి పొలిమేరలో గుర్రాలను దౌడు తీయించి, ‘అన్నా’ అని ఏడుపెత్తి పోవాలి. పూడ్చేసిన గోతి దగ్గరికి దౌడెందుకు? నడిపించుకుంటూనే పోయాడు.

ఎసెన్ గుడారం ముందు మగవాళ్ళు కర్రల మీద వాలి ఇంకా నిలబడే ఉన్నారు. లోపల ఆడవాళ్ళ శోకాలు ఆగలేదు. ఎసెన్ కొడుకు వచ్చి గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు.

“దిగు బాబాయ్. నాన్నను ఇంకా లేపలేదు. నీకోసమే ఆపాం.”

తుర్గున్‌బాయ్ గుర్రం దిగాడు. “నేను శిఖరం మీంచి వస్తున్నానని మీకెవరు చెప్పార్రా?”

“బురుల్. నమాజుకు వరసలు కడుతుంటే వచ్చింది, ఆ వాలు కిందుగానే.”