కుక్క సూది చీటీ

"తాగయ్యా, రెండు గుక్కలు!" గ్రేసమ్మ నీళ్ళగ్లాసు నోటికి ఆనించబోయింది. మొగుడు రాజారత్నం గొంతు పట్టేసినట్టు విలవిల్లాడి గ్లాసును నెట్టేశాడు.

కుక్కలకు టీకాలేస్తూ ఆ గుమ్మంలోకి వచ్చిన పశువైద్య సహాయకురాలు హైమావతి అది చూసి, టీకాల పెట్టె కింద పెట్టి గబగబా దగ్గరికొచ్చింది.

"బాబాయిని కుక్క కరిచిందా పిన్నీ?"

"రెండు నెలల కిందట. మా కుక్కేలే. నాలుగు రోజులకి అది చచ్చింది."

"సూది వేయించారా?"

"ఆ రోజే ఏయించాం!" గ్రేసమ్మ గూట్లోంచి చీటీ తీసిచ్చింది.

చీటీ మీద ఉన్నది హైమావతి సంతకమే. ఊళ్ళో పెట్టిన ఉచిత శిబిరంలో ఇచ్చింది.

"ఇది కుక్కకేసిన సూది పిన్నీ. బాబాయికేదీ?"

"ఇసం ఉండేది కుక్కలోనేగా! దానికేశాక మడిసికెందుకు? ఇంక భయంలేదని నువ్వేగా చెప్పింది?"

చెప్పింది. ఆ రోజు వరసలో నిలబడ్డ అందరికీ చెప్పింది. ఎవరినైనా కరిచిందా అని మాత్రం ఒక్కరినీ అడగలేదు.

రేబీస్ ముదిరి నీళ్ళకు బెదిరే దాకా వచ్చాక ఇక ఏ సూదీ పనిచెయ్యదు.

"పోనీ ఇప్పుడెయ్యమ్మా, పెట్టె తెచ్చావుగా," అంటూ గ్రేసమ్మ మొగుడి చొక్కా చెయ్యి పైకి మడిచింది.