వెనక గేటు

మనిషిని కళ్ళారా చూస్తే చాలు, ఎంతటివారో ఇట్టే పసిగట్టేస్తానని సుకుమార్‌కు గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఆ ఉదయం పూలగుత్తి పట్టుకుని కంపెనీ ముందు గేటు దగ్గర నిలబడ్డాడు.

కోవూరు అవతల, రొయ్యలను శుభ్రం చేసి విదేశాలకు పంపే కంపెనీ అది. సుకుమార్ కొత్త మేనేజరు. వచ్చీ రాగానే పెట్టిన మొదటి రూలు, ఇంటి నుంచి పని బంద్. అందరూ ఆఫీసుకు రావాల్సిందే.

అందరూ వచ్చారు, ఎవాంజెలిన్ తప్ప.

కరోనా రోజుల్లో చేరిన దగ్గర్నుంచి ఆమె ఇంట్లోనే ఉండి పని చేస్తోంది. విదేశీ కొనుగోలుదార్లతో మాటామంతీ అంతా ఆమెదే. సరుకు బాగాలేదని పేచీ పెట్టి కూర్చున్నవాళ్ళను కూడా రెండు ఈమెయిళ్ళతో దారికి తెచ్చేస్తుంది.

మీటింగుల్లో మాత్రం కెమెరా ఉండదు, మైకూ ఉండదు. ‘నెట్ అంతంతమాత్రం సార్, పక్కనే ఐస్ ఫ్యాక్టరీ, ఒకటే మోత’ అని చాట్‌లో రాస్తుంది. ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా సుకుమార్‌కు తెలియదు.

యజమాని ముత్యాలయ్యకు ఈ రూలు మొదటి నుంచీ మింగుడుపడలేదు.

“ఆ పిల్ల ఇంట్లో కూర్చుంటే నీకేందయ్యా నొప్పి? పని జరుగుతా ఉండాది గదా!”

“మనిషి కళ్ళముందు లేకపోతే విలువ ఎట్ట తెలుస్తాది సార్?”

“విశాఖ కంపెనీవాళ్ళు ఇంట్లోనే ఉండి చెయ్యమని పిలుస్తా ఉండారంట. పోయిందంటే?”

“పోదు సార్. ఒక్కసారి ఆఫీసుకొచ్చి చూసి చెప్తానని రాసింది. చూసిందంటే ఇంక వదలదు. నాది పూచీ.”

“ఆమె పోతే నీక్కూడా ఇంటి నుంచే పని. పని మాత్రం ఉండదు, చూసుకో!”

సుకుమార్ నవ్వేశాడు. ఓడిపోతానన్న అనుమానం అతని ఇంటా వంటా లేదు. ఎవాంజెలిన్ కోసం కొత్త క్యాబిన్ కట్టించాడు, కొత్త ఏసీ పెట్టించాడు, తలుపు మీద ఆమె పేరు కూడా రాయించాడు.

ఆ పేరుకూ ఆమె రాసే ఇంగ్లీషుకూ తగిన మనిషిని ఎప్పుడో ఊహించుకున్నాడు. చెన్నైలో కాన్వెంటు చదువు. నల్ల కళ్ళద్దాలు. కారు దిగితే సెంటు వాసన గేటు దాకా రావాలి.

అంతలో విడవలూరు బస్సు వచ్చి ఆగింది.

నూలు చీర కట్టుకున్న ఒకామె, చేతిలో టిఫిన్ బాక్సుతో దిగింది. నేరుగా గేటు పక్కనున్న వేలిముద్రల మిషన్ దగ్గరకొచ్చింది. కొత్తవాళ్ళు ముందు అక్కడ వేలు నమోదు చేసుకోవాలి. ఆమె బొటనవేలు పెట్టింది.

“ప్లీజ్ ట్రై ఎగైన్” అంది మిషన్.

చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మిషన్ మళ్ళీ అదే మాట అంది.

“కొంచెం జరగమ్మా, మా మేడమ్ కారు వచ్చే టైమైంది” అన్నాడు సుకుమార్. అంటూనే ఆమె వేళ్ళు చూశాడు. కొసలు నున్నగా ఉన్నాయి. అక్కడక్కడా తెల్లటి గాట్లు.

“రొయ్యలు ఒలిచే పనేనా?”

ఆమె ఆశ్చర్యపోయింది. “ఎట్ట కనుక్కున్నారు సార్?”

సుకుమార్ ఉబ్బిపోయాడు. “వేళ్ళు చూస్తే తెలీదా? ఐసులో చేతులు పెట్టి ఒలిచీ ఒలిచీ ముద్రలు అరిగిపోతాయి. నా కంటికి చిక్కనిది ఉండదమ్మా.”

“నిజమే సార్. కానీ అది ఒకప్పుడు. ఇప్పుడు నేను...”

“మీవాళ్ళకు వేలు పడదనే వెనక గేటు దగ్గర సంతకం పెట్టించుకుంటా ఉండాం. ఇది స్టాఫ్ గేటు. నువ్వు అటు పో.”

ఆమె అతని మొహం వంక చూసింది.

“సుకుమార్ సారంటే మీరేనా?”

“అవును. ఏం?”

“ఏం లేదు సార్.”

తన పేరు రొయ్యల షెడ్డు దాకా పాకిందన్నమాట! సుకుమార్ మురిసిపోయాడు. ఇంతలో రోడ్డు మీద ఒక తెల్లకారు నెమ్మదించింది. పూలగుత్తి సవరించుకుంటూ పరిగెత్తాడు. కారు ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

మధ్యాహ్నమైంది. పూలు వాడిపోయాయి. ముత్యాలయ్య కొత్త క్యాబిన్‌లోకి వచ్చి ఖాళీ కుర్చీని చూశాడు.

“ఏదయ్యా నీ పూచీ? ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు, నేనూ వింటా.”

సుకుమార్ ఫోన్ చేశాడు. అవతల ఐస్ ఫ్యాక్టరీ మోత వినిపించింది.

“చెప్పండి సార్.”

ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది.

“ఎవాంజెలిన్ గారూ, ఎక్కడుండారు మేడమ్? పొద్దుట్నుంచి మీ కోసం గేటు దగ్గరే నిలబడి ఉండాను.”

“తెలుసు సార్. విశాఖ వాళ్ళకు ఇప్పుడే సరేనని చెప్పినాను. వాళ్ళది ఇంటి నుంచే పని.”

ముత్యాలయ్య కళ్ళు అతన్ని వదలడం లేదు.

“అదేంది మేడమ్! ఒక్కసారి వచ్చి చూసి చెప్తానన్నారే?”

“వచ్చినాను సార్. మిషన్ నా వేలు తీసుకోలా, మీరేమో వెనక గేటుకు పొమ్మన్నారు. అట్టాంటి గేటులో నుంచి బయటపడేదానికే నేను చదువుకునింది సార్, మళ్ళీ అందులోకి ఎట్ట పోయేది?”