ఉజ్వల ఇంటి గాజు తలుపు

"షవర్‌కి మీరడిగే గాజు తలుపు తెరిస్తే నేరుగా వెళ్ళి కమోడ్‌కి తగులుతుంది మేడమ్," అన్నాడు కాంట్రాక్టర్ టాన్, కొలత టేపు చుట్టేస్తూ.

"తగలనివ్వండి," అంది కీర్తిక.

టాన్ ఆమె భర్త చక్రధర్ వంక చూశాడు. చక్రధర్ పైకప్పు వంక చూశాడు. సింగపూర్‌లోని బెడోక్‌లో ఆ బ్లాకులో బాత్రూములన్నీ ఒకటే కొలత. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. షవర్ నీళ్ళు బయటికి చిందకుండా ఏదో ఒక అడ్డం పెట్టిస్తే చాలని చక్రధర్ ఆశ. టాన్ కూడా మంచిమాటే చెప్పాడు. తలుపే లేని సగం గాజు పలక పెట్టుకోవచ్చు, లేదంటే లోపలికి మడతపడే తలుపు పెట్టుకుంటే చోటు కలిసొస్తుంది అన్నాడు.

"మడత తలుపు బాగానే ఉంటుంది కదా కీర్తీ," అన్నాడు చక్రధర్ మెల్లగా. "రెండో బాత్రూమ్ అద్దెకున్నవాళ్ళకి ఇచ్చేశాం. పాపతో కలిపి మన ముగ్గురికీ ఉన్నది ఇదొక్కటే. రోజూ పొద్దున్నే ఆ హడావిడిలో ఒళ్ళు పక్కకి తిప్పుకుని దూరాలా?"

"పై అంతస్తులో ఉజ్వల పెట్టించుకుందా మడత తలుపు?"

అదీ సంగతి! మొన్న ఉజ్వల ఇంట్లో వ్రతానికెళ్ళిన ఆడవాళ్ళంతా చేతులు కడుక్కోవడానికని వెళ్ళి బాత్రూమ్ దగ్గరే ఉండిపోయారు. నిలువెత్తు గాజు, చుట్టూ ఫ్రేమన్నదే లేదు, తళతళలాడే పిడి. "ఎంత బావుందో!" అని ఒకటే మెచ్చుకోళ్ళు. అప్పట్నుంచీ కీర్తికకి కడుపు మండిపోతోంది. అన్నం తింటున్నా ఆ గాజే, కళ్ళు మూసుకున్నా ఆ గాజే. లిఫ్టులో ఉజ్వల నవ్వుతూ పలకరించినా "చూశావా నా వైభోగం" అన్నట్టే వినిపిస్తోంది.

"పదండి, కళ్ళారా చూపిస్తాను," అని ఇద్దరినీ వెంటబెట్టుకుని పైకి తీసుకెళ్ళింది.

ఉజ్వల తలుపు తీసి మురిసిపోయింది. "రా రా కీర్తికా! రండి అన్నయ్యగారూ. మా గాజు చూడ్డానికా? చూడండి, తీరిగ్గా చూడండి!"

ఒక్క నీటి మరక లేదు. సబ్బు తెట్టు లేదు. కీర్తిక గుండెల్లో మళ్ళీ భగ్గుమంది. తమ ప్లాస్టిక్ కర్టెన్‌కి నెల తిరక్కుండా నల్లగా బూజు పడుతుంది. ఈవిడగారి గాజుకి రెండేళ్ళయినా మచ్చ లేదు! ఏం చేతులు తల్లీ అవి!

టాన్ పిడి పట్టుకుని లాగాడు. తలుపు సగం తెరుచుకుని, కమోడ్‌కి టక్కున తగిలి ఆగిపోయింది.

"చూశారా? ఇక్కడా అంతే లాహ్!" అన్నాడు తన సింగపూర్ యాసలో.

"అయితే ఏం? వీళ్ళు నలుగురున్నారు. సర్దుకోవట్లేదూ? మనకేం మాయరోగం?" అని మొగుడి మీద విరుచుకుపడి, కీర్తిక టాన్ వైపు తిరిగింది. "సేమ్ కావాలి నాకు. అచ్చం ఇదే."

"గాజు కోశాక మార్చడం కుదరదు మేడమ్. ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించేదేం లేదు. కోయించండి."

టాన్ సరేనని తలూపి, ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, కొలతలు చెప్పి, కోత మొదలుపెట్టమన్నాడు.

అమ్మయ్య! ఇన్నాళ్ళకి కీర్తిక కడుపు చల్లబడింది. ఇంక మిగిలింది ఒక్కటే. ఉజ్వలని అడగాలంటే నామోషీగానే ఉంది గానీ, రేపు నలుగురూ వచ్చినప్పుడు తన గాజు ఈ గాజు కన్నా మాసిపోయి కనిపిస్తే ఇంకేమన్నా ఉందా!

"అవునూ ఉజ్వలా, రోజూ ఇంతమంది స్నానాలు చేస్తారు కదా, ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతున్నావ్? దేంతో తుడుస్తావేంటి?"

ఉజ్వల బుగ్గలు నొక్కుకుంది.

"తుడవడమేంటి కీర్తికా! మా నలుగురి స్నానాలూ వంటింటి పక్కనున్న బాత్రూమ్‌లోనే. ఇంత ముచ్చటపడి పెట్టించుకున్న గాజు మీద నీళ్ళు పడనిస్తామా ఎక్కడైనా!"