చల్లారిందన్న కేక

"చేతులు చాపండిరా!"

మేస్త్రీ హాలిస్ అరుపుకు ఓరిన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. పక్కనే డెల్బర్ట్ నిలబడి ఉన్నాడు. వెనక కొండవాలు ఇంకా పొగలు కక్కుతోంది. అడవి పనుల క్యాంపు కుర్రాళ్ళంతా నడుములు విరిగేలా నాటిన పైన్ మొక్కలు ఒక్కటీ మిగల్లేదు.

అడవిలో మంట ఆర్పాక ప్రతివాడూ తన వంతు నేలను వట్టి చేత్తో తడిమి చూడాలి. బూడిదలో ఎక్కడా వేడి తగలకపోతే "చల్లారింది" అని కేకెయ్యాలి. పొద్దున ఓరిన్ కేకేశాడు. డెల్బర్టూ కేకేశాడు. అందరూ తిండికి కూర్చున్న వేళ గాలి లేచింది. వాళ్ళిద్దరి వంతుల హద్దులో పడి ఉన్న మొద్దులోంచి నిప్పు మళ్ళీ రాజుకుంది. చూస్తుండగానే కొండవాలు తగలబడిపోయింది.

"మీలో ఎవడో తడమకుండానే కేకేశాడు. వాడు ఇవాళే ఇంటికి పోతాడు," అన్నాడు హాలిస్.

ఇంట్లో ఓరిన్ తల్లి, ముగ్గురు చెల్లెళ్ళు ఉన్నారు. అతను పనిచేసిన నూలుమిల్లు మూతపడింది. క్యాంపు నెలనెలా పంపే జీతంతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. క్యాంపులో చేరేటప్పుడు డాక్టరు ముందు కూడా ఇలాగే భయపడ్డాడు. ఆయన తొందరగా పళ్ళు చూసి, ఛాతీ కొలిచి, "పో" అన్నాడు.

తను తడిమాడు. మొద్దు అడుగు దాకా చెయ్యి దూర్చి మరీ తడిమాడు.

డెల్బర్ట్ చేతులు చాపాడు. శుభ్రంగా ఉన్నాయి.

"ఏరా, బూడిద తడిమిన చేతులా ఇవి?"

"వాగులో కడుక్కున్నాను సార్. మసి చేతుల్తో రొట్టె ముట్టుకుంటే మా అమ్మ వీపు చీరేస్తుంది."

"మీ అమ్మ ఇక్కడ లేదుగా!"

"ఆవిడ చెయ్యి చాలా పొడుగు సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. హాలిస్ నవ్వలేదు.

"నువ్వు?"

ఓరిన్ ఎడమచేతికి కట్టు ఉంది. మొన్న గొడ్డలి తగిలింది. కుడిచెయ్యి చాపాడు. మసి కింద అరచెయ్యంతా బొబ్బలు. వాటిని అతనూ అప్పుడే చూశాడు.

హాలిస్ ఆ చేతిని అందరికీ కనబడేలా పైకెత్తాడు. "చూడండిరా! బొబ్బలెక్కినా వెనక్కి తియ్యలేదు వీడు. పనంటే ఇదీ! డెల్బర్ట్, మూట సర్దుకో."

ఓరిన్ నోరు తెరిచాడు. చెల్లెళ్ళు కళ్ళముందు మెదిలారు. నోరు మూసుకున్నాడు.

సాయంత్రం లారీ ఎక్కబోతూ డెల్బర్ట్ అతని దగ్గరికి వచ్చాడు.

"ఒట్టురా, నేనూ తడిమాను. నా వైపు చల్లగానే ఉంది. నువ్వైనా నమ్ముతావా?"

"నమ్ముతాను," అన్నాడు ఓరిన్ నేల చూపులు చూస్తూ.

"అది చాల్లే." డెల్బర్ట్ అతని కుడిచెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. అంతలోనే ఉలిక్కిపడి వదిలేశాడు. "అయ్యో, బొబ్బలు కదరా! అబ్బా అని కూడా అనవేం? అవున్లే, పొయ్యి మీది కాఫీ గిన్నెని గుడ్డ లేకుండా దించే మొండిఘటానివి!"

లారీ కొండ మలుపు తిరిగింది. ఓరిన్ తన చేతికేసి చూసుకున్నాడు.

మిల్లులో మణికట్టు దగ్గర నరం తెగిన నాటి నుంచీ ఆ అరచేతికి వేడి తెలియదు.